రోడ్రిగ్స్ ద్వీపయాత్ర

హిందూ మహాసముద్రమున, ఆఫ్రికా ఖండమునకు తూర్పుగా, మడగాస్కరు దాటిన పిమ్మట మారిషసు అను దేశము కలదు. ఆ పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున చెరకు తోటలలో కూలిపనికై మన తీరమునుండి అనేకులు ఓడలెక్కి అచ్చటికి పోయిరి. గోదావరీ ముఖమున నున్న కోరంగి రేవునుండి వచ్చిన వారి మూలమున తెలుగువారికి ఆ దేశమున కోరంగివారను పేరు కలిగెను. వారి సంతతివారు నేటికిని ఉగాది పండుగ చేసికొనుచున్నారు. ఆ దినము అచ్చట ప్రభుత్వపు సెలవుదినము. కాని ఆ మారిషసునకే చెందిన మరియొక చిన్న దీవి, దానికి తూర్పున ఇంచుమించు 560 కిలోమీటర్ల దూరమున, నడిసముద్రమున ఒంటరిగా నున్నదని ఎరిగినవారు మనలో మిక్కిలి అరుదు. దాని పేరు రోడ్రిగ్స్.

ఆ దీవి పొడవు 18 కిలోమీటర్లు. వెడల్పు 8 కిలోమీటర్లకు మించదు. వైశాల్యము సుమారు 108 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య సుమారు 44,000. పూర్వకాలమున సముద్రగర్భమునుండి పైకుబికిన అగ్నిపర్వత శిలలతో ఏర్పడిన భూమి యగుటచే నేల అంతయు ఎగుడుదిగుడుగా నుండును. అన్నిటికంటె ఎత్తయిన లిమోన్ కొండ 398 మీటర్ల ఎత్తు. దీవి చుట్టును సముద్రములో పగడపు గోడ యొకటి కోట ప్రాకారమువలె నున్నది. మహాసముద్రపు కెరటములు ఆ గోడకు తాకి విరిగిపోవును. లోపలి నీరు మాత్రము మోకాటిలోతునను, నడుములోతునను, చెరువు నీటివలె నిశ్చలముగా నుండును. ఈ లోపలి కడలి వైశాల్యము దీవి వైశాల్యమునకు ఇంచుమించు రెట్టింపు. దీవివారి పొలము నేలమీద కంటె ఈ నీటిలోనే ఎక్కువ యున్నదనిన తప్పు గాదు.

1528వ సంవత్సరమున ఈ దీవిని చూచిన డియోగో రోడ్రిగ్స్ అను పోర్చుగీసు నావికుని పేరే దీనికి నిలిచినది. తరువాత ఫ్రెంచివారును, 1809 మొదలు ఆంగ్లేయులును దీనిని ఏలిరి. 1968 మార్చి 12వ తేదీన మారిషసు స్వతంత్రమైనపుడు ఇదియు దానిలో భాగమయ్యెను. 2002వ సంవత్సరమున దీనికి ప్రత్యేకమైన శాసనసభయు, స్వపరిపాలనయు లభించెను. ఇంత మారుమూల దీవి పేరు ఒకసారి మాత్రము శాస్త్రజ్ఞుల లోకమున మారుమ్రోగెను. 1883 ఆగష్టు 27వ తేదీన ఇండోనీషియాలోని క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. సుమారు నాలుగు గంటల పిమ్మట రోడ్రిగ్స్‌లోని పోలీసు అధికారి తూర్పు దిక్కున పెద్ద ఫిరంగులు ప్రేలుచున్నట్లు ధ్వని విని, ఆ సంగతిని వ్రాసియుంచెను. ఈ రెండు స్థలములకు నడుమ దూరము ఇంచుమించు 4,800 కిలోమీటర్లు!

ఇట్టి దీవిని చూచివచ్చుట ధనవంతులకే గాని సామాన్యులకు సాధ్యము కాదని పలువురు తలపవచ్చును. ఈ యాత్రలో పెద్ద ఖర్చు భారతదేశమునుండి మారిషసునకు పోవు విమానపు టిక్కెట్టే. దానిని తప్పించు ఉపాయము లేదు. చాల నెలల ముందుగా కొనినచో కొంత తగ్గును, అంతియే. భారతీయులు మారిషసులో దిగినపుడే ప్రవేశానుమతి పొందవచ్చును గావున ముందుగా ఆ విషయమై ధనము వెచ్చింప నక్కరలేదు. అచ్చటినుండి రోడ్రిగ్స్‌కు రెండు మార్గములు. చిన్న విమానములో గంటన్నర ప్రయాణము. లేదా పోర్ట్ లూయీ రేవునుండి నెలకు కొన్ని పర్యాయములు పోవు ఓడలో ఒకటిన్నర దినము ప్రయాణము. పోవునపుడు ఓడ ఆగ్నేయపు గాలికి ఎదురేగవలెను గావున కాలము హెచ్చు పట్టును, కడుపులో త్రిప్పుటయు హెచ్చుగనే యుండును. తిరుగుప్రయాణము త్వరగా ముగియును. ఓడలో కుర్చీ టిక్కెట్టు సామాన్యముగా విమానపు టిక్కెట్టుకంటె చౌక. అయినను చౌక యొక్కటే దాని గుణము కాదు. బియ్యము, పిండి, సిమెంటు, సైకిళ్లు, మందులు, పెండ్లిసామగ్రి మొదలగు సమస్తమును సముద్రముమీదుగానే ఆ దీవికి చేరవలెను. ఆ మూటల నడుమ ఒకటిన్నర దినము కూర్చుండిన యాత్రికునకు, దీవిలో అడుగిడిన పిదప ఏ వస్తువునైనను వృథా చేయుటకు చేతులాడవు.

కాలమును ఎన్నుకొనుట కూడ పొదుపులో నొక భాగము. భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే మనకు చలికాలమైనపుడు అచ్చట వేసవి. జనవరి మొదలు మార్చి వరకు తుపానుల భయము కలదు. డిసెంబరు చివర క్రిస్మసు పండుగకు మారిషసునుండి జనులు వచ్చుటచే బసలు దొరకుట కష్టము. మే మొదలు అక్టోబరు వరకు గాలి గట్టిగా వీచినను ఎండ బాధింపదు. నడచి తిరుగదలచినవారికి ఆ నెలలే అనుకూలములు.

పోవువారు ఆ దీవి పూర్వచరిత్రను కొంత తెలిసికొని పోవుట మంచిది. ఏలయన, రోడ్రిగ్స్ చరిత్ర యనగా అతిథుల చరిత్రయే. పదునేడవ శతాబ్దమున అచ్చట మనుష్యుడొక్కడును లేడు. 1691వ సంవత్సరమున ఫ్రాన్స్వా లెగా అను ఫ్రెంచి ప్రొటెస్టెంటు, మతద్వేషముచే స్వదేశమును విడిచినవాడు, ఏడుగురు సహచరులతో ఈ దీవిలో దిగెను. అప్పటికి ఆయన వయస్సు ఏబది దాటినది. తాటియాకులతో గుడిసెలు కట్టుకొని, విత్తనములు చల్లుకొని వారచ్చట రెండు సంవత్సరములు నివసించిరి. తరువాత లెగా వ్రాసిన గ్రంథమువలననే ఆ దీవి అప్పుడెట్లుండెనో లోకమునకు తెలిసినది. దీవియంతయు అడవి. నేలతాబేళ్లు మందలు మందలుగా నుండెను. కొన్ని తావులలో నేలమీద కాలు మోపకుండ వాని వీపులపైననే నూరడుగులకు పైగా నడిచిపోవచ్చునట! సొలితేర్ అని లెగా పేరిడిన పక్షి యొకటి కలదు. ఆ మాటకు ఏకాకి యని యర్థము. గుంపులుగా గాక విడివిడిగా తిరుగుటచే ఆ పేరు పెట్టెను. అది హంసకంటె పెద్దది, ఎగురలేదు, ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. రెక్క చివర ఎముక ముడి యొకటి యుండి పోరాటములో గదవలె ఉపయోగపడును. మనుష్యులనిన భయమేమో ఎరుగని జీవులవి.

ఆ ఎనమండుగురికి తిండికి లోటు లేకుండెను. రోగములు లేవు, శత్రువులు లేరు. అయినను వారిలో యువకులు పెండ్లాడవలెనను కోరికతో అచ్చట నుండలేకపోయిరి. సరియైన పనిముట్లయిన లేకుండ చిన్న పడవ యొకటి తయారు చేసికొని, 1693లో ఆ పడవమీదనే మహాసముద్రమును దాటి మారిషసు చేరిరి. తరువాత వచ్చినవారి తీరు వేరు.

పదునెనిమిదవ శతాబ్దమున మారిషసు ఫ్రెంచివారి నౌకాకేంద్రమయ్యెను. నెలల తరబడి సముద్రమున తిరిగిన నావికులకు తాజా ఆహారము లేక చిగుళ్లు వాచు జబ్బు సోకెడిది. వారికి తాబేటి మాంసము మంచిదని వైద్యులు నమ్మిరి. తాబేలు ఓడ అడుగుభాగమున తిండియు నీరును లేకుండ నెలల తరబడి బ్రతికియుండును. ఆ ఓర్పే దానికి చేటయ్యెను. రోడ్రిగ్స్‌నుండి తాబేళ్లను తెచ్చుటకే ప్రత్యేకముగా ఓడలు ఏర్పడెను. ఒక్కొక్క ఓడలో వేలకొలది తాబేళ్లను దొంతరలుగా పేర్చి తెచ్చిరి. త్రోవలో చచ్చినవానిని సముద్రములో పారవైచిరి. అడవులకు నిప్పుపెట్టిరి. ఓడలతోపాటు పిల్లులును ఎలుకలును దిగి గ్రుడ్లను, పిల్లలను తినెను. 1800వ సంవత్సరము నాటికి ఆ దీవికే ప్రత్యేకమైన రెండు జాతుల తాబేళ్లును ఇంచుమించు అంతరించెను. సొలితేర్ పక్షి అంతకు ముందే నశించెను. అటుపిమ్మట కొందరు పండితులు అట్టి పక్షి యెన్నడును లేదనియు, లెగా కల్పించి వ్రాసెననియు సందేహించిరి. 1860ల దశకమునను, 1874లోను ఆ దీవి గుహలలో దాని ఎముకలు కుప్పలుగా దొరకుటతో ఆ ముసలివాని మాట నిలిచెను. ఒక జీవి మనుష్యుల కంటబడి నూరేండ్లయిన నిండకమునుపే కట్టుకథగా మారిపోవుట విచారింపదగిన విషయము.

నేడు రోడ్రిగ్స్‌లో నివసించువారిలో అధికసంఖ్యాకులు ఆఫ్రికానుండియు, మడగాస్కరునుండియు బానిసలుగా తేబడినవారి సంతతివారు. క్రియోల్ భాష మాటలాడుదురు; రోమను కథోలికులు. సేన్ గాబ్రియేల్ అను గ్రామమున నున్న పెద్ద చర్చికి వలసిన రాళ్లను, ఇసుకను 1930ల దశకమున స్త్రీలు, పిల్లలు సహితము తలలపై మోసి కొండ యెక్కించిరి. దీవిలో పెద్ద హోటళ్లు కొన్ని యున్నవి గాని, స్వల్పధనముతో పోవువానికి వానితో పని లేదు. చాల కుటుంబములవారు తమ యింటిలో ఒకటి రెండు గదులను యాత్రికులకు అద్దెకిత్తురు. రాత్రి భోజనము ఆ యింటివారితో కలిసి ఒకే బల్లమీద. ఇది హోటలు బసకంటె ఎంతో చౌక. ఇచ్చిన సొమ్ము నేరుగా ఆ యిల్లాలి చేతికే చేరును. ఉదయము ‘బోన్‌జూర్’ అని పలుకరించుటయు, భోజనానంతరము ‘మెర్సీ’ అని కృతజ్ఞత తెలుపుటయు వచ్చినచో మిగిలిన సంభాషణ చేతులతోను, నవ్వుతోను జరిగిపోవును.

భోజనమున తెలుగువానికి ఆశ్చర్యము కలిగించు వస్తువులు రెండు. మొదటిది మొక్కజొన్న నూకతో వండిన సంకటి. దానికి తోడు ఎఱ్ఱ చిక్కుడుగింజల కూర. రెండవది ఊరగాయ. చిన్న నిమ్మకాయలను, వేలెడైన లేని మంటమిరపకాయలను ఊరవేసి సీసాలకెత్తుదురు. దానిని వారు ‘అషార్’ అందురు. ఉత్తర హిందూస్థానమున వాడుకలోనున్న అచార్ శబ్దమే ఓడలెక్కి, అనేక భాషలు మారి, ఆ దీవికి చేరినది. శాకాహారులు చేప వలదని ముందుగా చెప్పినచో ఈ రెండింటితో కడుపు నింపుకొనవచ్చును.

నీటి విషయము మాత్రము జాగ్రత్తగా గమనింపవలెను. ఆ దీవిలో పెద్ద నదులు లేవు. అడవులు పోవుటచే కొండలమీద పడిన వాన నిలువక సముద్రములోనికి జారిపోవును. కుళాయి నీరు ప్రతిదినము రాదు. ఇంటి కప్పుమీద పడిన వాననీటిని గొట్టముల ద్వారమున తొట్టెలలోనికి పట్టి నిలువచేసికొందురు. అతిథి ఒకడు హోటలు అలవాటు చొప్పున అరగంట సేపు ధారక్రింద స్నానము చేసినచో ఆ యింటివారు మరునాడు గిన్నెలు తోముటకు ఇబ్బంది పడుదురు. బాల్చీలో నీరు పట్టుకొని చెంబుతో పోసికొనుట తెలిసినవారు అచ్చట ఉత్తమ అతిథులు. రాయలసీమ పిల్లలకు ఈ సంగతి వివరింప నక్కరలేదు.

దీవి ముఖ్యపట్టణము పోర్ట్ మాతురిన్. పేరునకు పట్టణమే గాని నాలుగు వీధుల ఊరు. బస్సులన్నియు అచ్చటినుండియే బయలుదేరి కొండత్రోవలలో అన్ని గ్రామములకును పోవును. టిక్కెట్టు స్వల్పము. కాని సాయంకాలమగుసరికి బస్సులు అరుదగును. చీకటి పడువరకు సముద్రతీరమున కూర్చుండిన యాత్రికుడు కొండమీది బసకు కాలినడకనే పోవలసివచ్చును. శనివారమునాటి సంత దీవికంతకును పండుగవంటిది. తెల్లవారకముందే లేచి పోవలెను. పది గంటలు కొట్టునప్పటికి మంచి సరకులన్నియు అమ్ముడుపోవును. తేనె, చిక్కుడుగింజలు, వెల్లుల్లి, ఎండబెట్టిన ఆక్టోపసు, మొగలియాకులతో అల్లిన టోపీలు, బుట్టలు అచ్చట దొరకును. బేరమాడి ధర తగ్గించుట మన సంతలలో నేర్పుగా నెంచబడును. మొగలియాకులు ఎండబెట్టి, చీల్చి, ఒక టోపీ అల్లుటకు పట్టు శ్రమను కన్నులార చూచినవారు అచ్చట ఆ నేర్పును చూపరు. ఎవరి సంచి వారే తీసికొనిపోవలెను. ప్లాస్టిక్ సంచులను రోడ్రిగ్స్ 2014లోనే నిషేధించినది. మారిషసు ప్రధాన ద్వీపము రెండేండ్ల తరువాత దానిని అనుసరించెను.

ఖర్చు లేని వినోదములలో నడకకు మించినది లేదు. తూర్పుతీరమున సేన్ ఫ్రాన్స్వా నుండి గ్రావియే వరకు కాలిబాట కలదు. ఒకవైపు సర్వీచెట్లు, ఒకవైపు సముద్రము. నడుమ కొండచరియల మధ్య త్రూ దార్జాన్ అను చిన్న ఇసుకతిన్నె కనబడును. నీటిసీసా, టోపీ, గట్టి చెప్పులు ఉన్న చాలును. సాయంకాలమున ఎవరి యింటనైనను ఉత్సవము జరుగుచున్నచో సెగా నృత్యము చూడవచ్చును. స్త్రీ ముందు నిలిచి డప్పు వాయించుచు పాడగా మిగిలినవారు ఆడుదురు. బానిసల కాలమున పుట్టిన ఈ కళను యునెస్కో సంస్థ 2017లో మానవజాతి వారసత్వముగా గుర్తించెను.

పాటు సమయమున తీరమున నిలిచి చూచినచో వేరొక దృశ్యము కనబడును. నీరు వెనుకకు తీయగానే స్త్రీలు మొగలియాకు టోపీలు ధరించి, చేతిలో పొడుగైన ఇనుప శూలములతో మోకాటిలోతు నీటిలో మైళ్ల దూరము నడిచిపోవుదురు. పగడపు రాళ్ల సందులలో దాగియుండు ఆక్టోపసును పసిగట్టి పొడిచి పట్టుదురు. తల్లినుండి కూతురు నేర్చుకొను విద్య యిది. ఎనిమిది చేతులు గల ఆ జీవి రాతిరంగునకు సరిగా తన రంగు మార్చుకొనును గావున అలవాటు లేని కంటికి అది కానరాదు. పట్టిన వానిని కఱ్ఱలమీద ఆరవేసి ఎండబెట్టుదురు. పేద కుటుంబములకు ఇదియే రొక్కము తెచ్చు వృత్తి.

అయితే కాలక్రమమున ఆక్టోపసులు తగ్గిపోవుచు వచ్చెను. దొరకినవి కూడ చిన్నవి. పట్టువారు హెచ్చిరి, వారి పాదములక్రింద పగడపు కొమ్మలు విరిగెను. తాబేళ్ల కథయే మరల జరుగునట్లు తోచెను. ఆక్టోపసు ఆయుర్దాయము స్వల్పము; కాని పెరుగుదల మిక్కిలి వేగము. రెండు నెలలు దాని జోలికి పోకున్నచో బరువు ఎన్నో రెట్లు పెరుగును. తల్లి గ్రుడ్లు పెట్టి, అవి పొదుగు వరకు కావలి కాచి చచ్చిపోవును. దానిని అంతకు ముందే పొడిచినచో సంతతియే లేదు. ఈ విషయము గ్రహించి 2012లో దీవి ప్రభుత్వము, జాలరులు కలిసి ఆగష్టు నడుమనుండి అక్టోబరు నడుమ వరకు లోపలి కడలియందు ఆక్టోపసు వేటను పూర్తిగా ఆపివేసిరి. కూలి లేని దినములలో ఇల్లెట్లు గడచును? అది ముందుగానే ఆలోచించిరి. ఆ రెండు నెలలును జాలరులకు తీరము శుభ్రపరచుట మొదలగు పనులిచ్చి కూలి చెల్లించిరి. వేట మరల తెరచిన దినమున పట్టుబడినవి సంఖ్యలోను, బరువులోను మునుపటికంటె ఎంతో హెచ్చుగా నుండెను. అప్పటినుండి ఏటేట ఈ విరామము పాటింపబడుచున్నది. ఆ నెలలలో పోయిన యాత్రికుడు తాజా ఆక్టోపసు కూర కావలెనని పట్టుపట్టరాదు. పట్టుపట్టువారు కొందరుందురు, ఎక్కువ ధనమిచ్చెదమని కూడ చెప్పుదురు. కూలికి సముద్రమున దిగవలసిన పేదరాలికి ఆ మాట ఎంతటి పరీక్షయో వారికి తెలియదు.

ఆ దీవి మొక్కలలో నొకదాని వృత్తాంతము పాఠశాల విద్యార్థులకు ముఖ్యముగా ఎరుకపడవలెను. కాఫే మారోన్ అనునది రోడ్రిగ్స్‌లో తప్ప భూమిపై మరెచ్చటను పెరుగని చిన్న చెట్టు; కాఫీచెట్టు కుటుంబమునకు చెందినది; నక్షత్రమువంటి తెల్లని పూవులు పూయును. మేకలు, పశువులు మేయుటచే అది సమూలముగా నశించినదని పండితులు నిశ్చయించిరి. 1980 ప్రాంతమున ఒక ఉపాధ్యాయుడు తన తరగతి పిల్లలకు దీవి మొక్కలను గూర్చి పాఠము చెప్పుచు, పాత బొమ్మ యొకటి చూపెను. ఒక బాలుడు ఇటువంటిది మా యింటి దగ్గర నున్నదని చెప్పి కొమ్మ విరిచి తెచ్చెను. పరిశీలింపగా అది నిజముగా కాఫే మారోన్ చెట్టే! లోకమునకంతకు అదియొక్కటే మిగిలియుండెను.

కథ అంతటితో ముగియలేదు. ఆ చెట్టు ఔషధమని ఊరివారిలో నమ్మకము కలదు. దానికి పేరు వచ్చుటతో కొమ్మలకై జనులు రాసాగిరి. చుట్టును కంచె వేసిరి. కంచె దాటి వచ్చి విరిచిరి. మరియొక కంచె వేసిరి. చివరకు 1986లో కొన్ని కొమ్మముక్కలను విమానముమీద లండను సమీపమున నున్న క్యూ ఉద్యానవనమునకు పంపిరి. వానిలో ఒకటి మాత్రము వేళ్లుపట్టెను. అది పెరిగి పూవులు పూసెను గాని ఒక్క కాయయైనను కాయలేదు. ఉద్యానవనమువారు ఓపికతో పదునేడేండ్లు ప్రయత్నించిన పిమ్మట 2003లో కాయ కాచి, గింజ కట్టెను. ఆ గింజలవలన పుట్టిన మొలకలు సముద్రములు దాటి స్వస్థలమునకు తిరిగివచ్చెను. ఇందులో మరియొక వింత కలదు. లేతమొక్క ఆకులు సన్నగా, పొడుగుగా, ఎండుటాకువలె గోధుమవన్నెలో నుండును. చెట్టు కొంత ఎత్తు పెరిగిన పిమ్మటనే గుండ్రని పచ్చని ఆకులు పుట్టును. పూర్వము తాబేళ్ల నోటికందు ఎత్తులో నున్నంతవరకు ఆకు ఎండినదానివలె కనబడి బ్రతుకుటకే ఈ ఏర్పాటని శాస్త్రజ్ఞుల ఊహ. తాబేళ్లు పోయి రెండువందల యేండ్లు దాటినను మొక్క ఆ జాగ్రత్త మానలేదు.

ఆ తాబేళ్ల స్థానమును పూరించుటకై నైరుతిమూలన సున్నపురాతి ప్రదేశమున 2007లో లెగా పేరిట ఒక వనమును తెరచిరి. ఆల్డబ్రా దీవి జాతి తాబేళ్లును, మడగాస్కరు జాతివియు అచ్చట వందలకొలది పెరుగుచున్నవి. దీవి సొంత మొక్కలను వేలకొలదిగా నాటిరి. ప్రవేశరుసుము కలదు. యాత్రలో వెచ్చింపదగిన సొమ్ములో అది యొకటి. పడమటి కడలిలో నున్న ఈల్ ఓ కోకో అను ఇసుకదీవికి పదిమందితో కలిసి పడవలో పోయిన ఖర్చు తగ్గును. అచ్చట సముద్రపక్షులు చెట్లకొమ్మలమీద మనుష్యుని చేతికందునంత దగ్గరగా కూర్చుండును. దీవిలో కొంతభాగము పక్షులకే విడువబడినది, యాత్రికులు పోరాదు. సాయంకాలమున కొండలోయలమీద పెద్ద పెద్ద పండ్లగబ్బిలములు ఎగురుచుండును. 1970ల దశకమున ఆ జాతి నూటికి లోపుగా మిగిలెను. 1976లో జెరాల్డ్ డరెల్ అను ఆంగ్లేయ జంతుశాస్త్రజ్ఞుడు కొన్నింటిని జాగ్రత్తగా పట్టుకొనిపోయి పెంచెను. నేడు దీవిలోనే వాని సంఖ్య వేలలో నున్నది.

తిరుగుప్రయాణమున సంచిలో ఏమి పెట్టుకొనవచ్చునన్న ప్రశ్న వచ్చును. తీరమున పడియున్న గవ్వలును పగడపు ముక్కలును ముచ్చటగా నుండును గాని వానిని ఏరికొనిపోవుట చట్టవిరుద్ధము. మొగలియాకు టోపీని తలమీద పెట్టుకొన్నచో సంచిలో చోటు పట్టదు. తేనె సీసా ఒకటి, నిమ్మకాయ ఊరగాయ సీసా ఒకటి కొనవచ్చును. ఓడ ఊగునపుడు ఊరగాయ నూనె కారును గావున మూతపై గుడ్డ బిగించి కట్టి, బట్టల నడుమ నిలువుగా నుంచవలెను. ఇంటి యజమానురాలిని అడిగినచో ఆమెయే కట్టి యిచ్చును.